ఒడ్డున కనిపించిన సముద్ర జీవిని రికార్డు చేయడం ఎలా: విశాఖ తీరం ఉదాహరణగా

పొద్దున్నే బీచ్‌లో నడిచేవాళ్ల ఫోన్లు తెరిచి చూస్తే చచ్చిన తాబేళ్లు, రాళ్ల మీది పీతలు, కెరటాలు తెచ్చి పడేసిన నీలి జెల్లీలు బోలెడన్ని కనిపిస్తాయి. వాటిలో చాలా ఫోటోలు శాస్త్రానికి అక్కరకు రావు. ఫోటో బాగోలేదని కాదు. ఎప్పుడు, ఎక్కడ, ఎంతసేపు వెతికితే కనిపించింది అన్న మూడు సంగతులు దాని వెంట ఉండవు. అవి తోడైతే ఫోన్‌తో తీసిన మామూలు ఫోటో కూడా పదేళ్ల తర్వాత ఎవరో పరిశోధకుడికి ఆధారమవుతుంది. ఆ మూడింటినీ పోగొట్టుకోకుండా పట్టుకోవడం, నలుగురూ కలిసి వాడుకునేలా ఒకచోట చేర్చడం ఎలాగో ఇక్కడ చెబుతున్నాం. ఉదాహరణలు విశాఖ చుట్టుపక్కలవే అయినా, ఇచ్ఛాపురం నుంచి తడ దాకా ఏ ఊరి ఒడ్డుకైనా పద్ధతి ఇదే.

బయల్దేరే ముందు

ఫోన్ కెమెరా సెట్టింగ్స్‌లో లొకేషన్ ట్యాగ్ ఆన్ చేయండి. చాలా ఫోన్లలో ఇది ఆఫ్‌లోనే ఉంటుంది. తేదీ, సమయం ఆటోమేటిక్‌లో ఉన్నాయో లేదో చూసుకోండి. విడిగా డిజిటల్ కెమెరా వాడేవాళ్లు ముందుగా దాని గడియారాన్ని ఫోన్ గడియారంతో సరిచేసుకోవాలి. బ్యాటరీ పూర్తిగా అయిపోయినప్పుడు కొన్ని కెమెరాల తేదీ వెనక్కి పోతుంది, ఆ రోజు తీసిన ఫోటోలన్నీ ఎప్పటివో అయి కూర్చుంటాయి.

సంచిలో ఉండాల్సినవి ఎక్కువేం కాదు. దర్జీలు వాడే 150 సెంటీమీటర్ల మెత్తని టేపు, 15 సెంటీమీటర్ల స్టీలు స్కేలు, చిన్న నోటు పుస్తకం, పెన్సిలు, ఫోన్‌కు జిప్ కవరు. పెన్ను వద్దు, ఉప్పునీళ్లు తగిలితే సిరా అల్లుకుపోతుంది. స్కేలు మర్చిపోతే పది రూపాయల నాణెం పనికొస్తుంది, దాని వ్యాసం 27 మిల్లీమీటర్లు. కాళ్లకు వెనక పట్టీ ఉన్న, అడుగు గట్టిగా పట్టే రబ్బరు చెప్పులు వేసుకోండి. హవాయి చెప్పులతో నాచు పట్టిన రాళ్లెక్కితే జారిపడతారు.

మీ ప్రాంతపు అటవీ రేంజ్ ఆఫీసు నంబరు ముందే సంపాదించి ఫోన్‌లో పెట్టుకోండి. బతికున్న తాబేలో డాల్ఫినో ఒడ్డున పడి ఉన్నప్పుడు నంబరు కోసం వెతుకుతూ కూర్చునే వ్యవధి ఉండదు. సముద్రంలో మనుషులకే ఆపదొస్తే కోస్ట్ గార్డ్ నంబరు 1554.

పోటూ పాటూ చూసుకోవడం

రాళ్ల మధ్య గుంటల్లో నిలిచే జీవులను చూడాలంటే నీరు బాగా వెనక్కి తీసిన వేళ వెళ్లాలి. విశాఖలో తెన్నేటి పార్కు కింద రాళ్లు, జోడుగుళ్లపాలెం, మంగమారిపేట వంటి చోట్ల నీరు లాగేశాక చిన్న చిన్న మడుగులు మిగులుతాయి. మన తీరంలో రోజుకు రెండు పోట్లు (నీరు ఎక్కడం), రెండు పాట్లు (నీరు దిగడం). ఒక పాటుకూ మరో పాటుకూ మధ్య సుమారు 12 గంటల 25 నిమిషాలు. అందుకే ఇవాళ ఉదయం ఆరింటికి నీరు అడుక్కి దిగితే రేపు దాదాపు ఆరూ యాభైకి దిగుతుంది. అమావాస్య, పౌర్ణమి దాటిన ఒకటి రెండు రోజుల్లో తేడా ఎక్కువ. విశాఖలో అప్పుడు పోటుకూ పాటుకూ మధ్య ఎత్తు సుమారు మీటరున్నర ఉంటుంది. అష్టమి దగ్గర్లో వెళ్తే రాళ్లు సగం నీళ్లలోనే ఉంటాయి.

హైదరాబాద్‌లోని సముద్ర సమాచార కేంద్రం ఇన్‌కాయిస్ ఆటుపోట్ల అంచనాలను, అలల హెచ్చరికలను ఇస్తుంది. రెండూ చూడండి. పాటు ఎంత లోతుకు తీసినా, పెద్ద అలల హెచ్చరిక ఉంటే రాళ్ల మీదికి వెళ్లకండి. పట్టికలో పాటు ఎత్తు 0.4 మీటర్ల లోపున్న పగటి వేళను ఎంచుకుని, ఆ సమయానికి గంట ముందే చేరుకోండి. నీరు దిగుతున్నప్పుడు దాని వెంటే కిందికి నడవాలి, తిరిగి ఎక్కడం మొదలవగానే వెనక్కి రావాలి. వచ్చేటప్పుడు సముద్రానికి వీపు పెట్టి ఫోటోలు తీస్తూ నిలబడిపోకండి.

ఇంకో సంగతి చాలామంది గమనించరు. బంగాళాఖాతపు సగటు నీటిమట్టమే మన తీరంలో ఏడాది పొడవునా ఒకేలా ఉండదు. ఫిబ్రవరి నుంచి ఏప్రిల్ దాకా తక్కువగా, అక్టోబరు నవంబరుల్లో ఎక్కువగా ఉంటుంది. కొత్తగా మొదలుపెట్టేవాళ్లు మార్చిలో పౌర్ణమి దాటిన మర్నాడు వెళ్లారంటే, అక్టోబరులో అసలు బయటపడని రాతి అంచులు కూడా కనిపిస్తాయి. ఏడాదిలో వేర్వేరు నెలల్లో తీసిన రికార్డులను పోల్చేటప్పుడు ఈ తేడా గుర్తుండాలి. అక్టోబరులో ఫలానా నత్త కనిపించలేదంటే అది లేదని కాదు, అది ఉండే రాయే బయటపడి ఉండదు.

ఫోటో ఎలా తీయాలి

ఒక జీవికి కనీసం మూడు ఫోటోలు. మొదటిది దూరం నుంచి, అది ఉన్న చోటు తెలిసేలా. రెండోది పైనుంచి నిండుగా, పక్కన స్కేలుతో. మూడోది గుర్తుపట్టడానికి పనికొచ్చే భాగం. పీతకైతే డెక్కలూ మొహమూ, నత్తకైతే గుల్ల నోరు, చేపకైతే ఒక పక్క మొత్తం రెక్కలు విప్పారినట్టు, జెల్లీకైతే కింది వైపు. నీళ్లలో ఉన్నదాన్ని తీసేటప్పుడు ఆకాశపు మెరుపు అడ్డొస్తుంది. మీ నీడో గొడుగు నీడో ఆ మడుగు మీద పడేలా నిలబడితే మెరుపు పోయి అడుగు కనిపిస్తుంది.

దేన్నీ చేత్తో పట్టుకోకండి. శంకువు ఆకారంలో అందంగా కనిపించే కోన్ నత్తలు బతికుంటే విషపు ముల్లు దించుతాయి, వాటిలో కొన్నింటి కాటుకు మనుషులు చనిపోయారు. నీలి బుడగలా ఒడ్డున పడి ఉండే ఫైసేలియా చచ్చాక కూడా దాని తీగలు కుడతాయి. అలివి వల లాగినప్పుడు ఇసుక మీద పడే పాముల్లో తోక తెడ్డులా చదునుగా ఉన్నవి సముద్రపు పాములు, విషమున్నవి. రాయిని తిప్పి చూస్తే మళ్లీ ఎలా ఉందో అలాగే పెట్టండి. రాయి కింది వైపు అంటిపెట్టుకున్న గుడ్లూ స్పాంజీలూ ఎండ తగిలితే త్వరగా చస్తాయి. ఇంటికి ఏదీ తీసుకెళ్లొద్దు. పగడాల ముక్కలు, తాబేలు పెంకు, తిమింగలం ఎముక, కొన్ని రకాల శంఖాలు దగ్గర ఉంచుకోవడమే 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద నేరం.

ఫోటోలను వాట్సాప్‌లో మామూలుగా పంపితే వాటిలోని లొకేషన్, తీసిన సమయం చెరిగిపోతాయి, సైజూ తగ్గిపోతుంది. వేరేవాళ్ల ఫోటో మీరు ఎక్కించాల్సి వస్తే దాన్ని డాక్యుమెంట్‌గా పంపమని అడగండి. ఇంకా మంచిది, వాళ్ల చేతే వాళ్ల ఖాతాలో ఎక్కించండి. చూసినవాళ్ల పేరు మీదే రికార్డు ఉండాలి.

చచ్చిన తాబేలు కనిపిస్తే

జనవరి నుంచి ఏప్రిల్ దాకా మన ఒడ్డుకు కొట్టుకొచ్చే తాబేళ్లలో దాదాపు అన్నీ ఆలివ్ రిడ్లీలే. గుడ్లు పెట్టడానికి ఒడ్డుకు దగ్గరగా వచ్చే కాలం అదే. ట్రాల్ వలల్లో చిక్కి పైకొచ్చి ఊపిరి పీల్చుకునే వీలులేక చనిపోతుంటాయి. అయినా 'రిడ్లీయే అయ్యుంటుంది' అని రాసేయకుండా పెంకు మీది పలకలు లెక్కపెట్టండి. వీపు మధ్యలో తల నుంచి తోకకు ఒక వరుస పలకలుంటాయి. దానికి ఒక పక్కనున్న పెద్ద పలకలు ఎన్ని? ఆరో అంతకంటే ఎక్కువో ఉంటే ఆలివ్ రిడ్లీ. కుడివైపు ఆరు, ఎడమవైపు ఏడు ఉండటం కూడా రిడ్లీల్లో మామూలే, కాబట్టి రెండు వైపులా విడిగా లెక్కపెట్టి రాయండి. నాలుగే ఉంటే కళ్ల మధ్య, ముక్కు పైన చూడండి. అక్కడ ఒక్క జత పొలుసులుంటే గ్రీన్ టర్టిల్, రెండు జతలుంటే హాక్స్‌బిల్. పలకలే లేకుండా తోలు లాంటి వీపు మీద పొడవాటి గట్లు ఉంటే లెదర్‌బ్యాక్. అది కనిపిస్తే వెంటనే అటవీ శాఖకు ఫోన్ చేయాలి.

కొలత తీసేటప్పుడు ఎక్కువమంది చేసే తప్పు టేపును ఎక్కడో అక్కడ మొదలెట్టడం. మెడ వెనక, పెంకు ముందంచున నడిమధ్య చిన్న నొక్కు ఉంటుంది. సున్నా అక్కడ పెట్టి, వీపు వంపు వెంబడే నడిమి గీత మీదుగా తోక పైనున్న పెంకు కొన దాకా టేపు పరచండి. మధ్యలో బార్నకిల్స్ గుల్లలు అడ్డొస్తే టేపు వాటి మీదకెక్కి కొలత పెరుగుతుంది. పక్క నుంచి పోనివ్వండి, వీలుకాకపోతే 'గుల్లల మీదుగా తీసిన కొలత' అని రాయండి. రెండుసార్లు కొలవండి. రెండింటికీ సెంటీమీటరు కంటే ఎక్కువ తేడా ఉంటే మూడోసారి తీయండి. పెద్ద రిడ్లీ అయితే 60 నుంచి 75 సెంటీమీటర్ల మధ్య రావాలి. 95 వచ్చిందంటే కొలత తప్పు, లేదా అది రిడ్లీ కాదు.

తోక పెంకు దాటి బాగా పొడుగ్గా, లావుగా బయటికి ఉంటే మగది. పొట్టిగా ఉంటే ఆడది, లేదా ఇంకా ఎదగని పిల్ల. చిన్న తాబేళ్లలో తోక చూసి ఆడా మగా చెప్పలేం, కాబట్టి అప్పుడు 'తెలియదు' అనే రాయండి.

కళేబరం స్థితికి ఒక అంకె వేయండి. 1 బతికుంది, 2 తాజాగా చచ్చింది, 3 ఉబ్బింది కానీ ఆకారం చెడలేదు, 4 బాగా కుళ్లింది, 5 ఎండిన పెంకూ ఎముకలే మిగిలాయి. ఎంత కుళ్లితే అంత దూరం నుంచి, అన్ని ఎక్కువ రోజులు నీళ్లలో తేలుతూ వచ్చి ఉంటుంది. 4 వేసిన తాబేలు మీ ఒడ్డున దొరికినంత మాత్రాన మీ ఊరి ముందు చచ్చిందని అనుకోవడానికి లేదు. ముందు రెక్కల మీద లోహపు ట్యాగ్ ఉందేమో తప్పక చూడండి. ఉంటే అంకెలూ అక్షరాలూ స్పష్టంగా కనిపించేలా రెండు ఫోటోలు తీసి, పీకకుండా అటవీ శాఖకు చెప్పండి.

ఒకే కళేబరాన్ని సోమవారం ఒకరు, బుధవారం మరొకరు లెక్కేయడం ఈ పనిలో అన్నిటికంటే మామూలుగా జరిగే పొరపాటు. అటవీ సిబ్బంది లెక్క అయిపోయినదాని పెంకు మీద రంగు గుర్తు వేస్తే సమస్య ఉండదు. గుర్తు లేనప్పుడు పెంకు మీది పగులు, గుల్లల అమరిక కనిపించేలా నిలువుగా పైనుంచి ఒక ఫోటో తీసి పెట్టుకోండి. రెండు రికార్డులు ఒకదానివేనా అని తర్వాత సరిచూడటానికి అదే ఆధారం.

బతికున్న తాబేలు నీరసంగా పడి ఉంటే సముద్రంలోకి తోసేయకండి. ఈదలేనిది మునిగి చస్తుంది. నీడ పట్టి, తడి గుడ్డ కప్పి, కుక్కలు రాకుండా కాస్తూ అటవీ శాఖ వాళ్లకు ఫోన్ చేయండి. డాల్ఫిన్‌కైతే పొట్ట కిందికి ఉండేలా చూడాలి, తలపైన ఊపిరి రంధ్రంలోకి నీళ్లూ ఇసుకా పోకూడదు. తోక పట్టి లాగొద్దు.

గూడు, జాడలు కనిపిస్తే

రాత్రి తాబేలు ఎక్కి దిగిన జాడ తెల్లారేసరికి ట్రాక్టర్ టైరు గుర్తులా కనిపిస్తుంది. రిడ్లీ జాడ వెడల్పు 70 నుంచి 80 సెంటీమీటర్లు. కుడి ఎడమ రెక్కల గుర్తులు ఎదురెదురుగా కాకుండా ఒకదాని తర్వాత ఒకటి పడతాయి. జాడ మీద స్కేలు అడ్డంగా పెట్టి ఫోటో తీయండి. గుడ్ల కోసం తవ్వకండి, గుర్తుకోసం కర్ర పాతకండి. ఆ కర్రే గుడ్లు దొంగిలించేవాళ్లకు దారి చూపిస్తుంది. లొకేషన్‌ను అటవీ శాఖకు మాత్రమే చెప్పండి. గూటి పిన్‌ను గ్రూపులో పంచడం, బహిరంగంగా కచ్చితమైన పాయింటు పెట్టడం రెండూ వద్దు. ఐనేచురలిస్ట్‌లో (జీవుల ఫోటోలు ఎక్కించి నలుగురి సాయంతో పేరు తేల్చుకునే సైట్, యాప్) ఎక్కిస్తే లొకేషన్ గోప్యతను 'అబ్‌స్క్యూర్డ్' అని పెట్టండి. అప్పుడు బయటివాళ్లకు సుమారు 20 కిలోమీటర్ల చదరంలో ఎక్కడో ఒకచోట చుక్క కనిపిస్తుంది, అసలు పాయింటు మీ దగ్గరే ఉంటుంది. బెదిరింపు ఉన్న కొన్ని జాతులకు ఆ సైట్ తనంతట తానే ఇలా దాచుతుంది కానీ దాని మీద ఆధారపడకండి.

అక్షాంశం రేఖాంశం దగ్గర వచ్చే తప్పులు

రుషికొండ బీచ్ దాదాపు 17.78, 83.38 దగ్గర ఉంది. ఈ రెండూ తారుమారుగా రాస్తే చుక్క ఎక్కడ పడుతుందో తెలుసా? ఉత్తర ధ్రువం వైపు, స్వాల్‌బార్డ్ దీవుల కంటే పైన, మంచు సముద్రంలో. ఇది చూడగానే తెలిసిపోతుంది కాబట్టి నయం. తెలియకుండా ఉండిపోయే తప్పు ఇంకొకటి ఉంది. పడవల జీపీఎస్‌లో 17 డిగ్రీల 42 నిమిషాల 30 సెకన్లు అని కనిపిస్తే కొందరు దాన్ని 17.4230 అని రాసేస్తారు. డిగ్రీకి అరవై నిమిషాలు, నిమిషానికి అరవై సెకన్లు. 42ను 60తో, 30ని 3600తో భాగించి 17కు కలిపితే 17.7083 వస్తుంది. తప్పుగా రాసిన దానికీ దీనికీ దాదాపు 32 కిలోమీటర్ల తేడా. చుక్క సముద్రంలోనే పడుతుంది, ఎవరికీ అనుమానం రాదు.

దశాంశం తర్వాత నాలుగు అంకెలు రాస్తే 11 మీటర్ల వరకు, ఐదు రాస్తే మీటరు వరకు చోటు తెలుస్తుంది. ఐదు చాలు. అంతకంటే ముఖ్యం ఆ పాయింటు ఎంతవరకు నమ్మొచ్చో రాయడం. ఫోన్ జేబులోంచి తీసిన మొదటి నిమిషంలో జీపీఎస్ ఇంకా కుదురుకోదు. ఖచ్చితత్వం 10 మీటర్ల లోపుకు వచ్చేదాకా ఆకాశం కనిపించేలా పట్టుకుని ఆగండి. రాత్రి ఇంటికొచ్చి మ్యాపులో చేత్తో పిన్ పెడితే, చుట్టూ ఉన్న వలయాన్ని మీకు నమ్మకం ఉన్నంత వెడల్పు చేయండి. 'ఆ మలుపు దగ్గరెక్కడో' అనుకుంటే 300 మీటర్ల వలయం నిజాయితీ, 5 మీటర్ల వలయం అబద్ధం.

ఐనేచురలిస్ట్‌లో ఎక్కించడం

ఒక జీవికి ఒక రికార్డు. మూడు ఫోటోలూ ఒకే జీవివి అయితే ఒకే రికార్డులో పెట్టండి. ఒకే ఫోటోలో పీతా నత్తా రెండూ ఉంటే ఆ ఫోటోతో రెండు రికార్డులు చేసి, ఒక్కోదానికి ఒక్కో జీవిని గుర్తించండి. ఆండ్రాయిడ్‌లో యాప్‌కు ఫోటోల లొకేషన్ చదివే అనుమతి ఇవ్వకపోతే ఫోటోలో లొకేషన్ ఉన్నా యాప్‌కు అందదు, మ్యాపు ఖాళీగా ఉంటుంది. అనుమతి ఇచ్చి మళ్లీ ఎంచుకోండి.

యాప్ ఫోటో చూసి కొన్ని పేర్లు సూచిస్తుంది. మొదటి పేరు నొక్కేయడమే కొత్తవాళ్లు చేసే తప్పు. మన తూర్పు తీరంలో అన్ని జీవుల ఫోటోలూ ఆ వ్యవస్థకు తగినన్ని అంది ఉండవు. అందుకే ఎక్కడో ఆస్ట్రేలియాలోనో జపాన్‌లోనో ఎక్కువ ఫోటోలున్న దగ్గరి చుట్టాన్ని ముందు చూపిస్తుంది. సూచించిన జాతి మన దగ్గర ఉందో లేదో మ్యాపులో చూడండి. నమ్మకం లేకపోతే పైస్థాయిలో ఆగండి. 'పీత' అని మాత్రమే రాసిన రికార్డు తప్పు కాదు, పీతలు తెలిసినవాళ్లు దాన్ని వెతికి పట్టుకుంటారు. తప్పు జాతి పేరు పెట్టింది మాత్రం అసలువాళ్ల కంట పడకుండా ఉండిపోతుంది.

తేదీ, చోటు, ఫోటో ఉండి, పేరు చెప్పినవాళ్లలో మూడింట రెండు వంతుల కంటే ఎక్కువమంది ఒకే జాతి అన్నప్పుడు రికార్డు 'రీసెర్చ్ గ్రేడ్' అవుతుంది. స్నేహితుడిది కదా అని తెలియకుండానే ఒప్పుకోవద్దు. ఒక రికార్డుకు ఇద్దరి మాట చాలు కాబట్టి, ఆ రెండో మాట ఊరికే అన్నదైతే తప్పు పేరే ముద్ర వేయించుకుంటుంది. చచ్చినదానికి 'డెడ్' అన్న అనొటేషన్ తప్పక పెట్టండి. అక్వేరియంలో చూసినదాన్ని 'క్యాప్టివ్' అని గుర్తించండి.

లైసెన్స్ కూడా ఇక్కడే చూసుకోవాలి. క్రియేటివ్ కామన్స్‌లో సీసీ జీరో, సీసీ బై, సీసీ బై ఎన్‌సీ పెట్టిన రీసెర్చ్ గ్రేడ్ రికార్డులు మాత్రమే జీబిఫ్ అనే ప్రపంచ భాండాగారానికి వెళ్తాయి. 'అన్ని హక్కులూ నావే' అని పెడితే మీ రికార్డు అక్కడికి చేరదు.

ఒడ్డున పక్షులను చూసేవాళ్లకు ఈబర్డ్ అనే సైట్ మేలు. ఒక్కో పక్షికి కాకుండా, అరగంట కూర్చున్నంతలో కనిపించిన పక్షులన్నింటికీ ఒక జాబితా వేస్తారక్కడ.

హార్బర్‌లో, పడవ మీద

చేపల రేవులో కనిపించే వింత చేపలకు చోటు చెప్పడం కష్టం. ఫోటో రేవులో తీశారు, చేప మాత్రం ఎక్కడో పడింది. పడవవాళ్లను గౌరవంగా అడగండి: ఏ వైపు వెళ్లారు, ఎన్ని బారల నీళ్లలో వల వేశారు? బార అంటే సుమారు 1.8 మీటర్లు, కాబట్టి 30 బారలంటే 55 మీటర్ల లోతు. చెప్పినదాన్ని బట్టి సముద్రంలో పిన్ పెట్టి, చుట్టూ 10 నుంచి 30 కిలోమీటర్ల వలయం ఉంచండి. లోతును నోట్సులో రాయండి. రేవునే చోటుగా పెడితే లోతు నీళ్ల చేప ఒడ్డు చేప అయిపోతుంది.

వాళ్లు చెప్పిన తెలుగు పేరు ఎలా పలికారో అలాగే రాసుకోండి. స్కాట్లండ్ వైద్యుడు, ప్రకృతి శాస్త్రవేత్త ప్యాట్రిక్ రస్సెల్ విశాఖపట్నంలో సేకరించిన 200 చేపల బొమ్మల పుస్తకం 1803లో వచ్చింది. మన జాలర్లు చెప్పిన పేర్లనే ఆయన చేపల పక్కన రాసుకున్నాడు. వాటిలోని కానాగంతే తర్వాత ఫ్రెంచి శాస్త్రవేత్త క్యువియర్ చేతిలో శాస్త్రీయ నామమైంది, ఇవాళ ప్రపంచమంతా దాన్ని రాస్ట్రెల్లిగర్ కనగుర్తా అంటోంది. ఊరూరికీ చేపల పేర్లు మారతాయి. భీమిలిలో విన్న పేరు, నిజాంపట్నంలో విన్న పేరు రెండూ ఊరి పేరుతో సహా రాయండి.

పడవ మీంచి డాల్ఫిన్లు కనిపిస్తే ఫోన్‌లో పడే పాయింటు పడవది, డాల్ఫిన్లది కాదు. దూరం, దిక్కు నోట్సులో రాసి వలయాన్ని 500 మీటర్లు చేయండి. ఎన్ని ఉన్నాయో మూడు అంకెల్లో చెప్పండి: కనీసం, గరిష్ఠం, మీ అంచనా. వీపు రెక్క పక్క నుంచి నిండుగా వచ్చే ఫోటో కావాలి. 50 మీటర్ల కంటే దగ్గరికి పోనివ్వద్దు, మందకు ఎదురుగా పడవ నడపొద్దు. డాల్ఫిన్లు, తిమింగలాల రికార్డులకు మన దేశంలో మెరైన్ మమ్మల్ రీసెర్చ్ అండ్ కన్సర్వేషన్ నెట్‌వర్క్ ఆఫ్ ఇండియా విడిగా ఒక భాండాగారం నడుపుతోంది.

వేల్ షార్క్ దొరికితే ఎడమ పక్క ఫోటో బంగారం. చివరి మొప్ప చీలిక వెనక నుంచి, పక్క రెక్క పైభాగంలో ఉన్న తెల్లచుక్కల అమరిక ఒక్కో సొరకూ ఒక్కోలా ఉంటుంది, వేలిముద్రలా. ఆ అమరికలను పోల్చే సాఫ్ట్‌వేర్ ఖగోళ శాస్త్రవేత్తలు నక్షత్రాల ఫోటోలు పోల్చడానికి వాడిన గణిత పద్ధతి నుంచే పుట్టింది. 2021 డిసెంబరులో తంతడి ఒడ్డున చిక్కుకున్న వేల్ షార్క్‌ను అటవీ శాఖ వాళ్లు, మత్స్యకారులు కలిసి సముద్రంలోకి పంపాక, ఫోటోలను గుర్తింపు కోసం మాల్దీవుల పరిశోధకులకు పంపారు. కెమెరా చుక్కలకు సూటిగా, సొర ఒంటికి లంబంగా ఉండాలి. ఏటవాలుగా తీస్తే చుక్కల మధ్య దూరాలు మారిపోతాయి.

గుంపుగా చేసేటప్పుడు: ఒకే ఫారం

ఐదారుగురు కలిసి వారం వారం ఒడ్డు నడిచేటట్టయితే ఐనేచురలిస్ట్ ఒక్కటే చాలదు. అందులో కనిపించినవే ఉంటాయి, కనిపించని రోజులు ఉండవు. ఉదాహరణకు ఒక గుంపు నెలకోసారి 4 కిలోమీటర్లు నడిచి 12 తాబేళ్లు చూసింది, మరో గుంపు రోజూ 1 కిలోమీటరు నడిచి నెలంతటికీ 12 చూసింది. చుక్కలు రెంటికీ పన్నెండే. మొదటి ఒడ్డున కిలోమీటరుకు 3, రెండో ఒడ్డున 30 కిలోమీటర్ల నడకలో కిలోమీటరుకు 0.4. అయితే మొదటి గుంపు నెలరోజుల కళేబరాలను ఒక్కసారి లెక్కేసి ఉండొచ్చు. నడకల తేదీలు లేకుండా ఈ రెండింటినీ పోల్చడానికే వీల్లేదు.

దీనికి కోబో టూల్‌బాక్స్ అనే ఆన్‌లైన్ సాధనంలో ఫారం చేసుకోవచ్చు. ప్రశ్నలు తెలుగులో రాయొచ్చు, ఆండ్రాయిడ్‌లో కోబోకలెక్ట్ యాప్ సిగ్నల్ లేకపోయినా పనిచేస్తుంది, నెట్ దొరికినప్పుడు పంపుతుంది. ఐఫోన్ వాళ్లు అదే ఫారాన్ని బ్రౌజర్‌లో తెరవాలి. రెండు భాగాలుగా పెట్టండి. మొదటి భాగం నడకది, ప్రతిసారీ తప్పనిసరి:

- ఒడ్డు ముక్క పేరు: జాబితాలోంచి ఎంచుకునేది, టైపు చేసేది కాదు
- మొదలైన సమయం, ముగిసిన సమయం
- నడిచిన దూరం, ఎందరు నడిచారు
- ఏమైనా కనిపించిందా: అవును, లేదు

రెండో భాగం 'అవును' అన్నప్పుడే తెరుచుకోవాలి, ఎన్ని జీవులుంటే అన్నిసార్లు. అందులో జీపీఎస్ పాయింటు, గుంపు (తాబేలు, డాల్ఫిన్, సొర, టేకు చేప, పాము, ఇతరం), స్థితి అంకె, కొలత, రెండు వైపుల పలకల లెక్క, ఫోటోలు.

ఊరి పేర్లు టైపు చేయనిస్తే ఒకే ఒడ్డు 'రుషికొండ', 'ఋషికొండ', 'రుషి కొండ' అని మూడు ముక్కలవుతుంది, ఏడాది తర్వాత కలపడానికి వారం పడుతుంది. తాబేలు పెంకు కొలతకు హద్దు పెట్టండి: 10 కంటే తక్కువ, 200 కంటే ఎక్కువ అయితే ఫారం ఒప్పుకోకూడదు. 65కు బదులు 650 అని మిల్లీమీటర్లలో రాసేవాళ్లను అక్కడే ఆపుతుంది. ప్రశ్నలు పదిహేను దాటనివ్వకండి. కుళ్లిన కళేబరం పక్కన ఎండలో నిలబడి ముప్పై ప్రశ్నలకు ఎవరూ నిజంగా జవాబివ్వరు.

ఫారం మొదలుపెట్టాక ప్రశ్న అర్థం మార్చొద్దు. స్థితి 3 అంటే జనవరిలో ఒకటి, మార్చిలో ఒకటి అయితే రెండు నెలల లెక్కా పోయినట్టే. మార్చక తప్పకపోతే కొత్త ప్రశ్నగా చేర్చి పాతదాన్ని దాచండి.

ఓబిస్‌కు పంపే ముందు

సముద్ర జీవుల రికార్డులకు ప్రపంచ స్థాయి భాండాగారం ఓబిస్, యునెస్కో ఆధ్వర్యంలో నడుస్తుంది. మన దేశపు శాఖ ఇండోబిస్ కొచ్చిలోని సముద్ర జీవవనరుల కేంద్రం సీఎంఎల్‌ఆర్‌ఈలో ఉంది. గుంపు డేటాను అక్కడికి పంపాలంటే డార్విన్ కోర్ అనే నిర్ణీత శీర్షికల్లోకి మార్చాలి. ప్రతి రికార్డుకు మారని ఒక గుర్తింపు సంఖ్య, తేదీ, అక్షాంశం, రేఖాంశం, మీటర్లలో అనిశ్చితి, శాస్త్రీయ నామం, సంఖ్య, చూసినవారు, ఉందా లేదా అన్నవి కనీసం కావాలి. తేదీని 2025-03-04 అన్నట్టు సంవత్సరం, నెల, రోజు వరుసలో రాయండి. 03/04 అని రాస్తే మనకు ఏప్రిల్ మూడు, అమెరికావాళ్లకు మార్చి నాలుగు. శాస్త్రీయ నామాల జాబితాను సముద్ర జీవుల పేర్ల ప్రపంచ జాబితా అయిన వర్మ్స్ సైట్‌లోని పేర్లు సరిచూసే పనిముట్టులో వేస్తే స్పెల్లింగు తప్పులు, మారిపోయిన పాత పేర్లు బయటపడతాయి.

ఐనేచురలిస్ట్ ద్వారా ఇప్పటికే జీబిఫ్‌కు వెళ్లిన రికార్డులను ఇందులో మళ్లీ చేర్చితే ఒకే తాబేలు రెండుసార్లు లెక్కకొస్తుంది. అలాంటివాటి పక్కన ఐనేచురలిస్ట్ సంఖ్య రాయడానికి ఒక గడి మొదటి రోజు నుంచే పెట్టుకోండి.

తెలుగు పేర్లున్న సీఎస్‌వీ ఫైలును ఎక్సెల్‌లో నేరుగా డబుల్ క్లిక్ చేసి తెరిస్తే అక్షరాలు పిచ్చి గుర్తులుగా కనిపిస్తాయి. ఆ స్థితిలో సేవ్ నొక్కితే తెలుగంతా శాశ్వతంగా పోతుంది. మూసేసి, ఖాళీ షీటు తెరిచి, డేటా మెనూలోంచి ఫైలును తెచ్చుకుంటూ ఎన్‌కోడింగ్ దగ్గర యూటీఎఫ్-8 ఎంచుకోండి. కోబో నుంచి దించిన అసలు ఫైలును ముట్టుకోకుండా తేదీతో ఒక కాపీ, ఫోటోలతో సహా, వేరే డ్రైవులో దాచండి. దిద్దుబాట్లన్నీ రెండో కాపీలోనే చేసి, ఏ వరుసలో ఏం మార్చారో, ఎవరు మార్చారో పక్కన రాయండి.